పండిత రమాబాయి ఆత్మబలము

పందొమ్మిదవ శతాబ్దిలో మన దేశమున స్త్రీల స్థితిని చక్కదిద్దుటకు పూనుకొనిన మహనీయులు పలువురు. రాజా రామమోహన రాయలు సహగమన నిషేధమునకును, ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు వితంతు వివాహ శాసనమునకును పాటుపడిరి. ఆంధ్రదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. వీరందరును స్త్రీల పక్షమున వాదించిన పురుషులు. స్త్రీయే సభలో నిలిచి, శాస్త్రమును శాస్త్రముతో ఎదుర్కొని, తన జాతికి న్యాయము కోరుట ఆ కాలమున మిక్కిలి అరుదు. అట్టి అరుదైన విదుషీమణి పండిత రమాబాయి. ఆమెపై రెండు నిందలు చిరకాలము నిలిచినవి. స్వమతమును విడిచినదని ఒక వర్గమువారు, చేరిన మతమున పెద్దల మాట వినలేదని మరియొక వర్గమువారు ఆమెను తప్పుపట్టిరి. ఈ రెండు నిందలకును మూలము ఒకే గుణము. ఆ గుణము ఎట్లు అలవడినదో తెలియుటకు ఆమె తండ్రి కథతో ఆరంభింపవలెను.

ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, సంస్కృత పండితుడు. ఆయన యౌవనమున పుణ్యపత్తనమున విద్యాభ్యాసము చేయుచుండగా, ఆయన గురువు రామచంద్రశాస్త్రి పీష్వా మందిరమునకు పోయి రాణిగారికి సంస్కృతము చెప్పుచుండెడివారు. స్త్రీ నోట సంస్కృత శ్లోకము వినుట ఆ యువకునకు అపూర్వానుభవము. తన భార్యకును చదువు చెప్పవలెనని ఆనాడే సంకల్పించుకొనెను. మొదటి భార్యకు చెప్పబోగా ఇంటి పెద్దలు అడ్డుపడిరి. ఆమె గతించిన పిమ్మట లక్ష్మీబాయి అను బాలికను వివాహమాడి ఆమెకు పాఠము మొదలిడెను. మరల అదే వ్యతిరేకత. అంతట ఆయన భార్యను వెంటబెట్టుకొని, పడమటి కనుమలలో తుంగ, భద్ర, నేత్రావతి నదులు పుట్టు గంగామూల కొండపై అడవిలో ఇల్లు కట్టుకొని, అచ్చటనే శిష్యులను చేర్చుకొని పాఠశాల నడపెను. స్త్రీకి చదువు చెప్పుటను గూర్చి ఉడిపిలో పండితసభ ఆయనను సంజాయిషీ కోరెను. వేదము తప్ప తక్కిన సంస్కృత వాఙ్మయమును స్త్రీ చదువుటకు నిషేధము లేదని ఆయన గ్రంథప్రమాణములు చూపి సమాధానము చెప్పెను. ప్రమాణము చూపనిదే ఎవరి అధికారమునకును తల వంచరాదను అలవాటు ఆ ఇంట ఆవిధముగా ఏర్పడెను. ఆ అడవి ఇంటనే 1858 ఏప్రిల్ 23వ తేదీన రమాబాయి జన్మించెను.

అతిథులకును శిష్యులకును పెట్టిన అన్నముతో శాస్త్రిగారి ఆస్తి కరగిపోయెను. రమాబాయికి ఆరు నెలల వయసప్పుడు ఆమెను బెత్తపు పెట్టెలో పరుండబెట్టి, పనివాని నెత్తిన ఎత్తించి, కుటుంబమంతయు కొండ దిగి తీర్థయాత్రకు బయలుదేరెను. నాటినుండి వారికి స్థిరనివాసము లేదు. దేవాలయ మండపములలో, నదీతీరములలో పురాణము చదివి, విన్నవారు సమర్పించిన దక్షిణతో వారు కాలము గడపిరి. తండ్రి వృద్ధుడగుటచే కుమార్తెకు చదువు చెప్పు భారము తల్లిపై పడెను. లక్ష్మీబాయి తెల్లవారకముందే బిడ్డను లేపి, ఒడిలో కూర్చుండబెట్టుకొని శ్లోకములు వల్లె వేయించెడిది. పండ్రెండేండ్లు నిండునప్పటికి భాగవతములోని 18,000 శ్లోకములు రమాబాయికి కంఠస్థమైనవని ప్రసిద్ధి. అక్క కృష్ణాబాయికి బాల్యవివాహము చేసి తండ్రి పశ్చాత్తాపము పొందెను. ఆ కారణమున రమాబాయిని చిన్ననాడు పెండ్లి చేయకుండ ఉంచిరి. లోకము దీనిని గొప్ప దోషముగా ఎంచెను. ఆమె చదువునకు మాత్రము అదియే అవకాశమయ్యెను.

1870 దశకమున దక్షిణదేశమున కరవు నెలకొనెను. పురాణము వినువారు లేరు, దక్షిణ ఇచ్చువారు లేరు. శాస్త్రిగారు వృద్ధుడు, అంధుడు. చేతనున్న ధనము దానధర్మములకును, దైవానుగ్రహమునకై చేసిన వ్రతములకును వ్యయమైపోయెను. ఇతర వృత్తి ఏదియు ఆ కుటుంబము ఎరుగదు. కూలికి పోవుటకు కులాభిమానము అడ్డువచ్చెను. తిరుపతి వేంకటాచల ప్రాంతపు అడవిలో పదునొకండు దినములు వారు నీళ్ళును, ఆకులును, గుప్పెడు అడవి ఈతపండ్లును మాత్రము ఆహారముగా గడపిరి. వృద్ధుడైన తండ్రి జలసమాధి చెందుటకు సిద్ధపడెను. కుమారుడు శ్రీనివాసుడు కులాభిమానమును విడిచి కూలిపనియైన చేసి పోషించెదనని చెప్పి ఆయనను ఆపెను. అయినను ఆయన దేహము ఎక్కువ దినములు నిలువలేదు. 1874లో, తెలుగునాట ప్రతి ఇంటివారును ముడుపు కట్టుకొని పోవు ఆ కొండ పరిసరములలో, అనంతశాస్త్రి ఆకలిచే మరణించెను.

కొలది వారములకే రాయచూరులో తల్లియు మంచము పట్టెను. ఒక సజ్జరొట్టె ముక్క తినవలెనని ఆమె కోరగా, రమాబాయి పొరుగింటి గడపకు పోయి నిలిచెను. వేల శ్లోకములు పలికిన నోట యాచనావాక్యము ఒక్కటి రాలేదు. కన్నీరు చూచి ఆ ఇల్లాలే గ్రహించి రొట్టె ఇచ్చెను. తల్లి దానిని తినలేకపోయెను. ఆమె మరణించిన పిమ్మట శవమును మోయుటకు మనుష్యులు దొరకలేదు. ఎట్టకేలకు ఇద్దరు బ్రాహ్మణులు వచ్చిరి. నాలుగవ మనిషి కావలసి వచ్చి రమాబాయియే పాడెకు తల ఒగ్గెను. పొట్టిదగుటచే భుజము అందక, తల్లి పాడెను నెత్తిన పెట్టుకొని శ్మశానమునకు నడచెను. పిదప కొంతకాలమునకు అక్కయు గతించెను.

మిగిలినవారు అన్నచెల్లెండ్రు ఇద్దరే. వారు వేలకొలది మైళ్ళు కాలినడకన ఉత్తరదేశమునకు పోయి, కాశ్మీరమువరకు తిరిగిరి. జీలం నదీతీరమున చలిరాత్రులలో కప్పుకొనుటకు వస్త్రము లేక, ఇసుకలో గోతులు త్రవ్వి, మెడవరకు ఇసుక కప్పుకొని నిద్రించిరి. శాస్త్రోక్తముగా వ్రతములన్నియు ఆచరించినను తల్లిదండ్రులు ఆకలితో పోయిరన్న చింత వారిని వదలలేదు. తాము నమ్మినదానికి ప్రమాణమేది అను ప్రశ్న ఈ నడకలోనే రమాబాయి మనస్సున మొలకెత్తెను. దుఃఖమే మనస్సును తీర్చిదిద్దునని చెప్పుట తేలిక; దుఃఖము వేలమందిని నలిపివేయును. ఆమెను నిలబెట్టినది తల్లి ఇచ్చిన విద్య.

1878లో వారు కలకత్తా చేరిరి. ఇరువది ఏండ్ల యువతి సంస్కృతమున ధారాళముగా ప్రసంగించుట విని అచ్చటి పండితులు ఆశ్చర్యపడిరి. ఆమెను పరీక్షించి పండిత అనియు, సరస్వతి అనియు బిరుదులిచ్చి గౌరవించిరి. ఘోషా స్త్రీలకు శాస్త్రసమ్మతమైన స్త్రీధర్మములను గూర్చి ఉపన్యసింపుమని ఆమెను కోరిరి. అందులకై ఆమె ధర్మశాస్త్రములను శ్రద్ధగా చదువనారంభించెను. ఒక విషయమున ఒక స్మృతికిని వేరొక స్మృతికిని పొందిక లేదని ఆమె గమనించెను. స్త్రీ స్వభావమును హీనముగా చెప్పుటలో మాత్రము అవి యన్నియు ఏకీభవించుచున్నట్లు ఆమెకు తోచెను. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేనుడు ఆమె చేతికి వేదగ్రంథమును ఇచ్చి చదువుమనెను. స్త్రీవిద్యకై ఊరు విడిచిన తండ్రియు వేదము జోలికి పోనీయలేదు. ఆ హద్దును ఆమె కలకత్తాలో దాటెను.

1880లో అన్న శ్రీనివాసుడు ఢాకాలో మరణించెను. అదే సంవత్సరమున ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి అను బంగాళీ న్యాయవాదిని వివాహమాడెను. ఆయన కాయస్థుడు. కులాంతర వివాహమగుటచే బంకిపూరులో 1872 నాటి వివాహ శాసనము ప్రకారము అది నమోదయ్యెను. ఇరుపక్షముల బంధువులును దూరమైరి. దంపతులు అస్సాములోని శిల్చారులో కాపురముండిరి. 1881 ఏప్రిల్‌లో మనోరమ అను కుమార్తె జన్మించెను. బాలవితంతువులకు ఒక పాఠశాల పెట్టవలెనని ఇరువురును తలపోయుచుండగానే, 1882 ఫిబ్రవరిలో భర్త విషూచితో మరణించెను. ఇరువదినాలుగు ఏండ్లు నిండకముందే ఆమె వితంతువయ్యెను. అంతవరకు గ్రంథములలో చదివిన వైధవ్యము ఇప్పుడు ఆమె స్వానుభవమయ్యెను.

పసిబిడ్డను ఎత్తుకొని ఆమె పూర్వికుల మహారాష్ట్రమునకు మరలి వచ్చెను. పుణ్యపత్తనమున మహాదేవ గోవింద రానడే మొదలగు సంస్కర్తలు ఆమెను ఆదరించిరి. 1882లో ఆమె ఆర్య మహిళా సమాజమును స్థాపించి, స్త్రీధర్మనీతి అను మరాఠీ గ్రంథమును ప్రకటించెను. ఆ సంవత్సరమే భారత విద్యాస్థితిని విచారించుటకు వచ్చిన హంటరు సంఘము ఎదుట సాక్ష్యము చెప్పెను. బాలికలకు స్త్రీలే ఉపాధ్యాయులుగా ఉండవలెననియు, పురుష వైద్యుని ఎదుటికి రాలేక ప్రాణములు కోల్పోవు స్త్రీలకై స్త్రీ వైద్యులు కావలెననియు ఆమె వాదించెను. తానే వైద్యవిద్య నేర్వవలెనను కోరికతో, తన పుస్తకముపై వచ్చిన ధనమే దారిబత్తెముగా 1883లో ఇంగ్లండుకు ప్రయాణమయ్యెను. వినికిడి లోపించుటచే వైద్యవిద్య ఆమెకు అందలేదు.

ఇంగ్లండులో ఆమె వాంటేజి అను ఊరిలో కన్యాస్త్రీల మఠమున ఆశ్రయము పొందెను. ఆ మఠమువారు లండనులోని ఫుల్హాములో పతితస్త్రీలకై ఒక గృహమును నడపుచుండిరి. సంఘము వెలివేసిన స్త్రీలను చేరదీసి, పని నేర్పి, గౌరవముతో నిలబెట్టు ఆ ప్రయత్నము ఆమె హృదయమును కదల్చెను. తాను చదివిన ధర్మశాస్త్రములలో అట్టి స్త్రీకి దండనయే కనబడెను. ఇచ్చట దయ కనబడెను. పండిత నీలకంఠ గోరే అను క్రైస్తవ విద్వాంసుని లేఖలును ఆమె ఆలోచనపై ప్రభావము చూపెను. 1883 సెప్టెంబరు 29వ తేదీన ఆమె కుమార్తెతో కూడ బాప్తిస్మము పొందెను. ఈ వార్త స్వదేశమున పిడుగువలె పడెను. నిన్నటివరకు సరస్వతి యని కొనియాడినవారే ఆమెను ద్రోహి యనిరి.

క్రైస్తవ మతాధికారులు మాత్రము తమకు విధేయురాలైన శిష్యురాలు దొరికెనని భావించినచో పొరబడిరి. చెల్టన్హాము మహిళా కళాశాలలో ఆమె సంస్కృతము బోధించుచు, తాను ఆంగ్లమును శాస్త్రములను చదువుకొనెను. పురుష విద్యార్థులకును ఆమె పాఠము చెప్పవచ్చునను ప్రస్తావన వచ్చినప్పుడు, భారతదేశమున పనిచేయు బిషప్పులు అభ్యంతరము తెలిపిరి. తాను స్వదేశమున పురుషులతో నిండిన సభలలో ప్రసంగించితిననియు, క్రైస్తవురాలైనంత మాత్రమున ఆ స్వాతంత్ర్యమును పోగొట్టుకొనజాలననియు ఆమె తేల్చి చెప్పెను. త్రిత్వ సిద్ధాంతమును గూర్చి ఆమె అడిగిన ప్రశ్నలకు మఠపు పెద్దలు చిన్నబుచ్చుకొనిరి. శాకాహారమును ఆమె విడువలేదు. సిలువపై లాటిను లిపి ఎందులకు, సంస్కృతమున వ్రాయరాదా అని అడిగెను. మఠమునకును ఆమెకును నడచిన ఈ ఉత్తరప్రత్యుత్తరములు 1977లో గ్రంథరూపమున వెలువడినవి. ఉడిపి సభలో తండ్రి నిలిచిన రీతిననే కుమార్తెయు ఇంగ్లండులో నిలిచినదని ఆ లేఖలు చదివినవారికి స్పష్టమగును.

1886లో ఆమె అమెరికాకు పోయెను. ఫిలడెల్ఫియాలో వైద్యపట్టము పొందుచున్న ఆనందీబాయి జోషిని అభినందించుట ఆ ప్రయాణమునకు తక్షణ కారణము. కొలది వారములకని పోయినది రెండేండ్లకు పైగా ఉండెను. చిన్నపిల్లల విద్యాబోధన పద్ధతులను నేర్చుకొనెను. అగ్రవర్ణ హిందూ స్త్రీ జీవితమును గూర్చి ఆంగ్లమున ఆమె వ్రాసిన గ్రంథము 1887లో ఫిలడెల్ఫియాలో అచ్చయ్యెను. బాల్యము, వివాహము, వైధవ్యము అను దశలలో స్త్రీ పొందు కష్టములను మాత్రమేకాక, వానిని తొలగించు ఉపాయమును కూడ అందు ఆమె సూచించెను. ఆ ఏటనే బోస్టను నగరమున ఆమె పేర ఒక సంఘము ఏర్పడెను. పలు క్రైస్తవ శాఖలవారు అందు సభ్యులు. ఆమె స్థాపింపబోవు విద్యాలయమునకు పదేండ్లపాటు ధనసహాయము చేయుటకు వారు అంగీకరించిరి. ఆ విద్యాలయమున మతబోధ ఉండరాదనియు, బాలికల ఆచారములకు భంగము కలిగింపరాదనియు నిబంధన ఏర్పడెను.

1889 మార్చి 11వ తేదీన బొంబాయిలో శారదా సదనము ప్రారంభమయ్యెను. తొలినాడు ఇద్దరే విద్యార్థినులు. వారిలో గోదూబాయి బాలవితంతువు. సదనపు సలహాసంఘమున రానడే, రామకృష్ణ గోపాల భండార్కరు మొదలగు ప్రముఖులుండిరి. ఆ సంవత్సరాంతమున బొంబాయిలో జరిగిన కాంగ్రెసు మహాసభకు ప్రతినిధులుగా వచ్చిన కొద్దిమంది స్త్రీలలో రమాబాయి ఒకతె. 1890లో సదనము పుణ్యపత్తనమునకు మారెను. తల గొరిగించుకొని మూలగదిలో కూర్చుండవలసిన బాలికలు అచ్చట జుట్టు పెంచుకొని, చదువుకొని, పూలమొక్కలు పెంచుచు తిరుగుట ఊరివారికి విడ్డూరమయ్యెను.

అచిరకాలముననే కలహము పుట్టెను. రమాబాయి తన గదిలో కుమార్తెతో ప్రార్థన చేసికొనునప్పుడు తలుపు మూసెడిది కాదు. కొందరు బాలికలు వచ్చి కూర్చుండిరి. కొందరు ఆ మతమునందు ఆసక్తి చూపిరి. బాల గంగాధర తిలకుగారి కేసరి పత్రిక ఆమెపై తీవ్రవిమర్శ సాగించెను. 1893లో రానడే, భండార్కరులు సలహాసంఘము నుండి తొలగిరి. ఇరువదికి పైగా బాలికలను వారి సంరక్షకులు తీసికొనిపోయిరి.

ఈ ఘట్టమున న్యాయమెవరి పక్షమున ఉన్నదని నేటికిని చరిత్రకారులు చర్చించుచున్నారు. తాను ఎవరిని నిర్బంధింపలేదనియు, తన ఇంట తన దేవుని చాటుమాటుగా కొలువవలసిన పనిలేదనియు రమాబాయి వాదము. బాలికలు తమ జపతపములను నిరాటంకముగా చేసికొనుచుండిరి. విమర్శకుల వాదమును కొట్టివేయదగినది కాదు. దిక్కులేని బాలికకు గురువే తల్లి, తండ్రి, అన్నదాత. అట్టి గురువు ఆచరణము ఆ బాలికకు మౌనోపదేశమే యగును. కొంతకాలమునకు కొందరు బాలికలు బాప్తిస్మము పొందుటయు జరిగెను. మతము జోలి లేదన్న మాట నమ్మి పిల్లలను పంపిన పెద్దలకు మనస్తాపము కలుగుట సహజమే. ఆమె నిష్కపటత్వమును శంకింప నక్కరలేదు. ఆ నిష్కపటత్వమునకు మూల్యము చెల్లించినవారిలో చదువు నడుమ ఇండ్లకు మరలిన బాలికలును ఉన్నారని మరువరాదు. స్త్రీవిద్యకై ఒక్కటిగా నిలిచిన సంస్కర్తల కూటమి ఆ ఏట చీలిపోయెను.

చీలిన కొమ్మ మరియొక చోట చిగిర్చెను. సదనమున చదివిన గోదూబాయిని 1893లో ధోండో కేశవ కార్వేగారు వివాహమాడిరి. విధురుడైన ఆయన వితంతువునే పెండ్లాడవలెనని పట్టుబట్టిన ఉపాధ్యాయుడు. 1896లో ఆయన హిందూ సంప్రదాయమునకు భంగము రాని విధముగా వితంతు శరణాలయమును స్థాపించిరి. 1916లో మహిళా విశ్వవిద్యాలయమును నెలకొల్పిరి. 1958లో నూరేండ్ల వయసున ఆయనకు భారతరత్న బిరుదము లభించెను. రమాబాయితో మతవిషయమున ఏకీభవింపని సంఘమునకును ఆమె విద్యాలయపు ఫలము ఈ విధముగా దక్కెను.

1896, 1897 సంవత్సరములలో మధ్యపరగణాలలో ఘోరమైన కరవు వచ్చెను. ఆకలితో తిరుగు బాలికలను దుర్మార్గులు ఎత్తుకొనిపోవుచుండిరి. రమాబాయి స్వయముగా ఆ ప్రాంతములకు పోయెను. ఎముకల గూడులైన పిల్లలను చూచినప్పుడు తన తల్లిదండ్రుల చివరి దినములు ఆమెకు గుర్తు వచ్చినవి. సుమారు 300 మంది బాలికలను, స్త్రీలను ఆమె వెంట తెచ్చెను. పుణ్యపత్తనమున ప్లేగు వ్యాపించి ఉండుటచే వారిని ఊరిలో ఉంచుటకు అధికారులు సమ్మతింపలేదు. సుమారు 35 మైళ్ళ దూరమున కేడగామువద్ద ఆమె అంతకుముందే కొని ఉంచిన బీడు భూమిలో డేరాలు వేసి, పాకలు కట్టి వారిని నిలిపెను. ఆ స్థలమునకు ముక్తి అని పేరు పెట్టెను.

ఆ ప్లేగు దినములలోనే ఆమె మరియొక అధికారమును ఎదుర్కొనెను. పుణ్యపత్తనపు ప్లేగు ఆసుపత్రిలో స్త్రీలకు రక్షణ లేదని, అధికారుల విధానము అమానుషముగా ఉన్నదని 1897లో ఆమె ఒక బొంబాయి పత్రికకు లేఖ వ్రాసెను. ఆ విషయము బ్రిటిషు పార్లమెంటు వరకు పోయెను. గవర్నరు సాండ్హర్స్టు ప్రభువు ఆమె ఆరోపణ అసత్యమని ప్రకటించెను. ఆమె మాట వెనుకకు తీసికొనలేదు. క్రైస్తవ మతము స్వీకరించుట ఆంగ్ల ప్రభుత్వమునకు దాసోహమనుటయే యని తలచినవారికి ఈ లేఖయే సమాధానము.

1898తో అమెరికా సంఘపు పదేండ్ల గడువు ముగిసెను. క్రొత్తగా ఏర్పడిన సంఘము సహాయము కొనసాగించెను. ఆమె సంస్థ అటుపై బాహాటముగా క్రైస్తవ సంస్థయే యయ్యెను. 1900లో గుజరాతు కరవు వచ్చినప్పుడు వందలకొలది బాలికలు వచ్చి చేరగా ముక్తిలోని జనసంఖ్య రెండువేలకు చేరువయ్యెను. మోసపోయిన స్త్రీలకు కృపా సదనము, వృద్ధులకు, వికలాంగులకు ప్రీతి సదనము ఏర్పడినవి. అంధులకు చుక్కల లిపితో చదువు నేర్పిరి. వ్యవసాయము, పాడి, నేత, నూనె గానుగ, వంట, కుట్టుపని, అచ్చు అన్నియు స్త్రీలే నడపిరి. బావులు త్రవ్వించి, తోటలు వేయించి, బీడును పంటభూమిగా మార్చిరి. చేతిపని నేర్వని పాండిత్యము కరవులో ఒక కుటుంబమును ఎట్లు కూల్చినదో ఆమె ఎరుగును. అందుచే ముక్తిలో చదువుతోపాటు ప్రతి బాలికయు ఒక పని నేర్వవలెను.

ఆమె చివరి పదునైదేండ్లకు పైగా బైబిలు అనువాదమున గడచినవి. అదివరకున్న మరాఠీ అనువాదము సంస్కృత పదభూయిష్ఠమై సామాన్య స్త్రీలకు అర్థము కాకుండెను. నడివయసున ఆమె హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి, మూలము చూచుచు, పల్లె స్త్రీలకు తెలియు తేలిక మరాఠీలో దానిని వ్రాసెను. పండితులకు మాత్రమే తెలియు భాషలో ధర్మము దాగియున్నంతకాలము స్త్రీకి వంచన తప్పదని ఆమె కలకత్తా నాడే గ్రహించియుండెను. ముక్తిలో పెరిగిన స్త్రీలే అక్షరములు కూర్చి ఆ గ్రంథమును అచ్చు వేసిరి. 1919లో ప్రభుత్వము ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకమును ఇచ్చెను.

తన తరువాత సంస్థను నడపుటకు ఆమె మనోరమను తీర్చిదిద్దెను. మనోరమ నాటి నైజాము రాజ్యములోని గుల్బర్గాలో ఒక బాలికా పాఠశాలను కూడ నెలకొల్పెను. 1921 జులైలో, నలుబది ఏండ్ల వయసున, ఆ కుమార్తె మరణించెను. తల్లిదండ్రులు, అక్క, అన్న, భర్త, చివరకు ఒక్కగానొక్క బిడ్డ. అందరిని సాగనంపిన ఆ వృద్ధురాలు మరల వ్రాతబల్ల ముందు కూర్చుండి అచ్చుప్రతులు దిద్దెను. ఆ పని ముగిసిన స్వల్పకాలమునకే 1922 ఏప్రిల్ 5వ తేదీన ఆమె కన్నుమూసెను.

మరణానంతరము ఆమెను స్వదేశీయులు చాలవరకు మరచిరి. మతాంతరము ఒక తెరవలె అడ్డు నిలిచెను. కాలక్రమమున ఆ తెర పలుచబడెను. 1989లో భారత ప్రభుత్వము ఆమె స్మారకముగా తపాలా బిళ్ళ ప్రకటించెను. కేడగాములోని ముక్తి నేటికిని పనిచేయుచున్నది.

ఆమె జీవితమున ప్రతి మతసంఘమును ఆమెకు ఏదో ఒకటి ఇచ్చినది. వైష్ణవుడైన తండ్రి విద్యనిచ్చెను, బ్రహ్మసమాజము వేదమునిచ్చెను, ప్రార్థనా సమాజమువారు వేదికనిచ్చిరి, ఆంగ్ల కన్యాస్త్రీలు సేవామార్గమును చూపిరి, అమెరికా భక్తులు ధనమునిచ్చిరి. వారిలో ప్రతివారును ప్రతిఫలముగా విధేయతను కోరిరి. దానిని మాత్రము ఆమె ఎవరికిని ఇవ్వలేదు. స్త్రీకి ఇది మేలా, కీడా అను ఒక్క ప్రమాణముతోనే ఆమె శాస్త్రమును, మఠమును, పత్రికను, ప్రభుత్వమును పరీక్షించెను. రాయచూరులో పొరుగింటి గడప ముందు నోరు పెగలక నిలిచిన బాలిక, రెండువేలమంది నోట మాటలేని స్త్రీలకు తానే గడపయై నిలిచెను. ఆకలితో వచ్చిన వారెవరును ఆమె ఎదుట నోరు తెరచి అడుగవలసిన అవసరము రాలేదు. వారి కన్నీటి భాష ఆమెకు ముందే తెలియును.